ఎగిరిపడేవాళ్ళు, పడి ఉండేవాళ్ళు

ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు అన్నిటికంటే మొండికేసేవి ఫ్రేజల్ వెర్బులు. క్రియ పక్కన ఒక చిన్న ముక్క చేరి అర్థాన్నే మార్చేస్తుంది. అయితే పొగరుకూ పెత్తనానికీ సంబంధించినవి మాత్రం జమ్మలమడుగు, పులివెందుల బస్సులు దిగి వచ్చే పిల్లలకు చప్పున పట్టుబడతాయి. 'లుక్ డౌన్ ఆన్', 'పుష్ అరౌండ్', 'వాక్ ఓవర్', 'లార్డ్ ఇట్ ఓవర్'. ఒక్కోదానికి తమ ఊరి మనిషి ఒకడు వాళ్ళకు గుర్తొస్తాడు.

వీటిలో డౌన్, ఓవర్ అనే ముక్కలు చూడండి. ఎవరు పైన, ఎవరు కింద అన్నది అవే చెప్పేస్తాయి. మన మాటలు అట్లా కాదు. విర్రవీగడం, మిడిసిపడడం, ఎగిరెగిరిపడడం, ఇవన్నీ పొగరుబోతు ఒంటి మీదనే జరుగుతాయి. "వానికి కండ్లు నెత్తికెక్కినాయి సార్" అంటాం. ఆ కండ్లకు ఆనకుండా పోయినవాళ్ళు ఎవరో ఆ మాటలో ఉండదు.

'లార్డ్ ఇట్ ఓవర్' దగ్గర రెండు భాషలూ కలుస్తాయి. అక్కడ దొర అనే నామవాచకమే క్రియ అయింది. ఇక్కడ పెద్దతనం అరిగి పెత్తనం అయింది. "నువ్వేమన్నా పాళెగానివా?" అని ఈ సీమలో ఇప్పటికీ అడుగుతారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి అప్పజెప్పాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్ళను అణిచేశాడు. వాళ్ళు పోయినా మాట మిగిలింది. తర్వాత ఫ్యాక్షన్ అనే మాట వచ్చి, ఇంగ్లీషుదని తోచనంతగా కలిసిపోయింది.

ఒకరోజు ఒక అమ్మాయి అడిగింది: "ఎగిరిపడేవానికి ఇన్ని మాటలుండాయి గదా సార్, వాని కింద ఉండేవాళ్ళకు ఏముంది?"

'పుట్ అప్ విత్' అని బోర్డు మీద రాసి, తెలుగులో ఏమంటారని తిరిగి అడిగాను.

"పడుండు" అంది వెంటనే. "మా ఇంట్లో దినామూ వినేదే."

ఎవరూ నవ్వలేదు.

పడు అనే క్రియ ఒకటే. ఎగిరిపడడంలో ఉన్నదీ, పడి ఉండడంలో ఉన్నదీ అదే. తిరగబడడంలోనూ అదే ఉంది. 'స్టాండ్ అప్ టు' అని రాసి, పక్కన ఆ మాట పెట్టాను. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. ఇంట్లో వాడితే ఏమవుతుందో నాకంటే ఆ అమ్మాయికే బాగా తెలుసు.