ఎగుమూరు ఇసుకనుండి లవ్‌డేలు కొండదాకా

మదరాసులో తరతరాలుగా కాపురముంటున్న మనవాళ్లకు ఎగుమూరు అనగానే రైలుస్టేషను జ్ఞాపకం వస్తుంది. దక్షిణాదికి పోయే బండ్లు, కూలీల కేకలు, గాంధీ-ఇర్విన్ రోడ్డుమీది హోటళ్లు, అంతవరకే. 1908లో తెరిచిన ఆ ఎర్రని స్టేషనుకు నూరేండ్లకు పైగా ముందే అదే పేటలో సిపాయిల అనాథపిల్లలకు ఒక ఆశ్రమం ఉండేదనీ, అక్కడ పుట్టిన బోధనాపద్ధతి మదరాసు పేరుతోనే ఇంగ్లండంతా ప్రాకిందనీ చెబితే చాలమంది నమ్మరు. మొన్న వేసవిలో ఉదకమండలం ప్రయాణం పెట్టుకొన్నప్పుడు మేము ఆ కథ వెంబడే వెళ్లి వచ్చాము. బండి ఎక్కేముందు ఒక పూట ఎగుమూరులో తిరిగాము. ఆశ్రమం పేరు చెప్పే పలక ఒక్కటీ మా కంట పడలేదు. అడిగితే టీకొట్టు ఆయన మమ్మల్ని కంటి ఆస్పత్రికి దారి చూపించాడు.

కంపెనీవారి పటాలాల్లో తెల్లసిపాయిలు యుద్ధాల్లోనూ జ్వరాల్లోనూ రాలిపోతూ ఉండేవారు. వారికి ఈ దేశపు స్త్రీలవల్ల కలిగిన పిల్లలకు దిక్కుండేది కాదు. ఆడపిల్లలకోసం 1787లో గవర్నరుగారి భార్య లేడీ కాంబెల్ ఒక ఆశ్రమం పెట్టించింది. మగపిల్లలకోసం 1789లో ఎగుమూరులో రెండవది వెలసింది. దానికి పెద్దగా వచ్చినవాడు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ. ఊళ్లో మంగలిపని చేసుకొనే ఇంటి బిడ్డ. ఆశ్రమం పనికి జీతం వద్దన్నాడు. పటాలాల పురోహితపదవులు చాలానే ఆయన చేతిలో ఉండేవి లెండి. కనుక ఆ త్యాగం మరీ కష్టమైనదని మేము అనము.

ఒకనాటి ఉదయం ఆయన గుర్రంమీద పోతూ ఒక మలబారు బడిని చూశాడు. మలబారు అన్నారని కేరళ అనుకోరాదు. ఆ నాటి ఇంగ్లీషువారు తమిళులను మలబారులనీ, మనలను జెంటూలనీ వ్యవహరించేవారు. అది తమిళుల తిన్నెబడి. పిల్లలు నేలమీద కూర్చొని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. ఇందులో మన చదువరులకు వింత ఏముంది? మన తాతలు ఓనమాలు దిద్దింది ఇసుకలోనే. పెద్దవాడు చిన్నవాడి చెయ్యి పట్టి దిద్దించడం వీధిబడిలో మామూలే. ఆ పెద్దపిల్లవాణ్ణి తమిళులు చట్టాంపిళ్లై అంటారు. కాని బెల్ దొరకు అదొక వెలుగైంది. కాగితం ఖర్చు లేదు, పలక ఖర్చు లేదు. ఆశ్రమానికి వచ్చి అలా చెప్పమంటే అక్కడి ఉపాధ్యాయులు ససేమిరా అన్నారు. అప్పుడాయన ఒక మామూలు సిపాయి కొడుకును, ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్‌ను పిలిచి, అక్షరాల తరగతి వాడికే అప్పగించాడు. పంతుళ్లకు చేతకాని పని ఆ పసివాడు చేసి చూపించాడు. క్రమంగా సుమారు 200 మంది పిల్లలున్న ఆశ్రమమంతా పిల్లలే పిల్లలకు చెప్పే బడిగా మారిపోయింది.

అక్కడ చదివిన విలియం స్మిత్ అనే కుర్రవాడు, 1794లో టిప్పు సుల్తాను కొడుకులను తిరిగి అప్పగించడానికి వెళ్లిన బృందంతో కూడ వెళ్లి, సుల్తాను ఎదుట భౌతికశాస్త్ర ప్రయోగాలు చేసి చూపించాడు. మైసూరు యుద్ధాల్లో పోరాడిన పటాలాలవారి బిడ్డ, ఆ మైసూరు ప్రభువుకే పాఠం చెప్పినట్లయింది!

బెల్ 1796లో స్వదేశం వెళ్లి, మరుసటి ఏడు ఈ పద్ధతిని గురించి చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన 1832లో చనిపోయేనాటికి 12,000లకు పైగా బడులు ఈ పద్ధతిలో నడుస్తున్నవని లెక్క చెబుతారు. ఆయన ఆస్తితో సెయింట్ ఆండ్రూస్‌లో వెలసిన పాఠశాలకు నేటికీ మదరాసు కాలేజీ అనే పేరు. తిన్నెబడి పంతులు పేరు మాత్రం ఎవరూ వ్రాసి పెట్టలేదు.

మరి మన సిపాయిల పిల్లలో? మదరాసు సైన్యంలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండేవారు. ఉత్తరదేశంలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచింది ఊరికే కాదు. అయినా ఎగుమూరు ఆశ్రమం తలుపు తెల్లతండ్రి ఉన్నవాడికే తెరుచుకొనేది. ఆ తండ్రి పోతే బ్రతికున్న తల్లికి చోటు లేదు. తల్లుల పెంపకంనుండి పిల్లలను తప్పించడం కూడ ఆశ్రమం ఉద్దేశాల్లో ఒకటి. దేశీ సిపాయి పోతే, అతని కొడుకును ‘పింఛను కుర్రవాడు’ అని పటాలం పట్టీలో ఎక్కించి, కొద్ది జీతమిచ్చి, ఎదిగాక తుపాకి చేతికిచ్చేవారు. అన్నం దొరికేది, నిజమే. కాని తండ్రి పోయిన దారినే కొడుకునూ పంపే ఏర్పాటది. కూతురి మాట పట్టీలో లేనే లేదు.

1870ల తొలినాళ్లలో ఎగుమూరు ఆశ్రమాన్ని నీలగిరులమీది లారెన్సు ఆశ్రమంతో కలిపివేశారు. అందుకే మా ప్రయాణం కొండమీదికి సాగింది. రాత్రి సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మేట్టుపాళయం. అక్కడినుండి పళ్లచక్రం బండి. కూనూరుదాకా పొగయంత్రం వెనుకనుండి నెడుతూ ఉంటుంది. మా పిల్లలు మసి పడినా కిటికీ వదలలేదు.

మా పెట్టెలో వేలూరు జిల్లా తెలుగాయన, మదరాసు రెజిమెంటులో సుబేదారుగా చేసి విరమించినవారు, ఎదుట కూర్చున్నారు. వెల్లింగ్టన్‌లో దిగవలసినవారు. అక్కడి సైనిక కేంద్రానికి శ్రీనాగేశ్ బారకాసులని పేరనీ, ఆ సేనానే తరువాత 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారనీ ఆయనే మాకు గుర్తుచేశారు. మాట పిల్లల చదువులమీదికి మళ్లింది.

“ఇప్పుడు యుద్ధంలో పోయినవాడి బిడ్డకు ఫీజు సర్కారే కడుతుంది కదండీ, సుబేదారుగారూ?” అన్నాము.

“కడుతుందయ్యా. 1971 యుద్ధం అయినాక 1972లో పెట్టిన ఏర్పాటు. యుద్ధంలో పోయినవాడికి, ఆచూకీ లేనివాడికి, అంగవైకల్యం వచ్చినవాడికి, పిల్లల మొదటి డిగ్రీదాకా. మధ్యలో 2017లో నెలకు పదివేలే అని గిరి గీశారు. నా తోడివాడి కూతురు అప్పుడు ఇంజనీరింగులో ఉంది. వాళ్లమ్మ ఫోను చేసి, ‘అన్నా, పిల్లను మానిపించేదా?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. 2018 మార్చిలో ఆ గిరి తీసేశారు, పిల్ల గట్టెక్కింది.”

“మరి సెలవులో ఇంటికి వచ్చి జబ్బుచేసి పోయినవాడి సంగతి?”

“వాడు యుద్ధం లెక్కలోకి రాడయ్యా. వాడి బిడ్డకు ఆకలి వేరేనా?” అని ఆయన కిటికీ వైపు తిరిగారు.

అటువంటి ఇళ్లకు ఉన్న ఆధారం జెండా దినపు నిధి. 1949నుండి ఏటా డిసెంబరు 7న మనం చొక్కాకు గుచ్చుకొనే చిన్న జెండా డబ్బే అది. దానినుండి హవల్దారు, అంతకు దిగువ హోదావారి ఇద్దరు పిల్లలకు తలకు నెలకు వెయ్యి రూపాయలు చదువు సాయం ఉండేది. 2025 చివర దానిని రెండు వేలు చేశారు. నేటి ఫీజుల ముందు ఇది ఏపాటిదో చదువరులే లెక్క వేసుకోవచ్చు.

ఉదకమండలానికి ఒక్క స్టేషను ముందే లవ్‌డేలు. బొమ్మరిల్లువంటి చిన్న స్టేషను. 1857లో లక్నోలో చనిపోయిన హెన్రీ లారెన్సు జ్ఞాపకార్థం మరుసటి ఏడే నీలగిరులమీద సిపాయిల పిల్లలకు ఆశ్రమం తెరిచారు. ఛిషోమ్ గీసిన నమూనాతో కట్టిన పొడవాటి భవనం, దాని గంటస్తంభం చెట్లమీదుగా దూరానికే కనబడతాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో కేంద్రప్రభుత్వం చేతికి వచ్చి అది అందరికీ చెందిన వసతిపాఠశాల అయింది. అందరికీ అంటే ఫీజు కట్టగలవారందరికీ అని అర్థం. గేటు బయటనుండే చూసి వచ్చాము. సెలవులు గనుక లోపల పిల్లల చప్పుడు లేదు.

సుబేదారుగారు వెల్లింగ్టన్‌లో దిగుతూ ఒక మాట పత్రికలో వేయమన్నారు. మన సంఘం కుటుంబాల్లో సైన్యంలో ఉండి గతించినవారి భార్యలు ఎవరైనా ఉంటే, చదువు సాయానికి ముందుగా తమ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారించాలట. పింఛను పత్రమూ, పిల్లల మార్కుల జాబితాలూ ఒక్కచోట భద్రపరచుకొని, బడి తెరిచేదాకా ఆగకుండా ముందే వెళ్లమన్నారు.