తాడు పట్టుకునేదెవరు?

"ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకా ఆ బండలెక్కడమేంటే?" అని మా అమ్మ అడిగినప్పుడల్లా నవ్వి ఊరుకుంటాను. లోపల మాత్రం కోపమే. మా ఆయన క్రికెట్ ఆడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు "ఇద్దరు పిల్లల తండ్రివి" అని ఎవరూ అనలేదు మరి!

రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది 2014లో, హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు. ఆ మే నెలలోనే పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, మా ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వాళ్లు తొలి శిక్షణ పొందిన భువనగిరి కోటబండ మీదే నేనూ మొదలుపెట్టాను. సిద్ధాంతవ్యాసం, గైడు కోపం అన్నీ కింద వదిలేసి, వేళ్లకి దొరికే అంగుళం అంచు గురించే ఆలోచించేదాన్ని. చిన్నప్పట్నుంచీ దాచుకోమని చెప్పిన ఈ ఒళ్లు ఇంత పని చేయగలదని తెలిసింది అక్కడే.

తర్వాత పెళ్లి, భద్రాచలం దగ్గర కాలేజీలో ఉద్యోగం, రెండు సిజేరియన్లు. బాబుకిప్పుడు ఆరేళ్లు, పాపకి రెండున్నర. రెండో కాన్పు తర్వాత ఏడాదిదాకా పొట్ట కండరాలు నా మాట వినలేదు. వరండా దూలానికి తాడు కట్టుకుని వేలాడుతుంటే పాప నా కాళ్లు పట్టుకుని ఊగేది. రెండు మూడు నెలలకోసారి బస్సూ రైలూ మారి భువనగిరి వెళ్లొస్తాను.

తల్లుల్ని ఈ ప్రశ్న అడగడం మన దగ్గరే కాదు. 1975లో ఎవరెస్టెక్కిన మొదటి మహిళ, జపాన్‌కి చెందిన జుంకో తబెయికి అప్పటికి మూడేళ్ల కూతురు. యాత్రకి డబ్బులడగబోతే పిల్లల్ని పెంచుకోమన్న వాళ్లున్నారు. బ్రిటన్‌కి చెందిన అలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 మేలో ఆక్సిజన్ లేకుండా ఎవరెస్టు ఎక్కింది. ఆగస్టులో కె2 దిగుతూ చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలి ఎలా వెళ్లిందని పత్రికలు చచ్చిపోయిన మనిషిని నిలదీశాయి. కొండల్లో ప్రాణాలు పోగొట్టుకున్న తండ్రుల్ని ఎవరు అంతగా నిలదీశారు?

ఇవన్నీ చదివి, నేను ఎక్కగలుగుతున్నానంటే అది నా పట్టుదలే అనుకునేదాన్ని. మొన్న ఏప్రిల్ దాకా.

ఎండలు ముదరకముందు ఒకసారి వెళ్లిరావాలని టికెట్లు తీసుకున్నాను. పాపని చూసుకునే కోయ అక్క ముందురోజు సాయంత్రం, "టీచరమ్మా, రేపట్నుంచి రాను. ఆకు మొదలైంది" అంది. తునికాకు. తెల్లారకముందే అడవికి పోవాలి, కోసుకొచ్చిన ఆకుని యాభై చొప్పున కట్టలు కట్టాలి, కల్లంలో లెక్క అప్పజెప్పాలి. ఏడాదిలో కొద్ది వారాలే ఆ డబ్బు.

నాకు ముందు వచ్చింది చిరాకు. స్త్రీల శ్రమ మీద సెమినార్లలో పేపర్లు చదివిన నాకు! ఆమె ఇద్దరు కూతుళ్లూ ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటారు. నా పాపని చంకనేసుకుని తిరిగే మనిషి తన పిల్లల్ని సెలవుల్లోనే చూసుకుంటుంది. ఈ సంగతి నాకు తెలియంది కాదు, పట్టించుకోలేదంతే.

బండ ఎక్కేటప్పుడు కింద ఒకరు తాడు పట్టుకుంటారు. మనం పైకి పోయేకొద్దీ వదులు లాగుతూ, కాలు జారితే బిగించి ఆపుతారు. వాళ్ల మీద నమ్మకం లేకపోతే రెండడుగులు కూడా ఎక్కలేం. ఇంట్లో నా తాడు ఇన్నాళ్లూ ఆమె పట్టుకుంది. ఆమె అడవికి పోతే ఆమె తాడు పట్టుకునేవాళ్లెవరు?

ఆ రాత్రి మా ఆయన్ని సెలవు పెట్టమన్నాను. "పాప నా దగ్గర పడుకోదుగా" అన్నాడు. నేను వెళ్తానంటే ఎప్పుడూ కాదనలేదు కానీ, ఒక్కరోజు కూడా పిల్లలతో ఒంటరిగా ఉన్నది లేదు. అనుమతి ఇవ్వడం తేలికే, తాడు పట్టుకోవడమే కష్టం. వాదన పెరిగింది. చివరికి సెలవు పెట్టాడు. భువనగిరి నుంచి ఫోన్ చేస్తే పాప గంటసేపు ఏడ్చి నిద్రపోయిందన్నాడు. గొంతులో అలసటతోపాటు కాస్త గర్వం కూడా ఉంది.

ఇకనుంచి ఆకు నెలలో అక్కకి జీతంతో సెలవు. దీంతో ఆమె పిల్లలు ఇంటికొస్తారని కాదు. లెక్క తీరిపోయిందనీ కాదు. ఆకు అయిపోయాక ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది, చేతులు నల్లబడి ఉన్నాయి. వరండాలో నా తాడు చూసి, "ఎక్కొచ్చావా టీచరమ్మా?" అని అడిగింది. ఎక్కొచ్చానని చెప్పడానికి ఆ రోజు మొదటిసారి సంకోచించాను.