ఆల్బనీ వీధి అయస్కాంతశాల

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఫ్రాన్సిస్ బిట్టర్ అయస్కాంత ప్రయోగశాల అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఆల్బనీ వీధిలో నున్నది. చిల్లులు పొడిచిన రాగి పలకలను దొంతరగా పేర్చి, వానిగుండ చన్నీటిని ప్రవహింపజేసి, మహాబలములైన అయస్కాంత క్షేత్రములను పుట్టించు విధమును కనిపెట్టిన భౌతికశాస్త్రవేత్త పేర వెలసిన యా శాలకు పోవువారు సహజముగా నట్టి మహాయంత్రములనే చూడగోరుదురు. నేను మాత్రము, కంటికి గాని మామూలు సూక్ష్మదర్శినికి గాని యందని యొక గోడను గూర్చి తెలిసికొనుటకై యచ్చటికి పోయితిని.

నాకు దారి చూపిన యువపరిశోధకుడు చిన్న గాజుపలక నొకదానిని పటకారుతో నెత్తి దీపమున కెదురుగా పట్టెను. దానిపై సన్నని లోహపు చార యొకటి నిలువుగను, వేరొకటి దాని కడ్డముగను సాగి, ఒక్కచోట నొకదాని నొకటి దాటుచుండెను. గోడ యెచ్చట నని యడిగితిని. “చారలు రెండును కలిసినచోట, వాని నడుమనే యున్నది, మందము రెండు నానోమీటర్లకు మించదు” అనెను. క్రింది చార కోబాల్టు, ఇనుముల మిశ్రమలోహము, మీదిది కోబాల్టు, నడిమిది అల్యూమినియము ఆక్సైడు, విద్యుత్తును పోనీయని పదార్థము. అయినను ఎలక్ట్రానులు తమ తరంగస్వభావముచేత దానిని దాటి యావలివైపున వెలయుచున్నవి. దీనినే టన్నెలింగ్ అందురు.

ప్రతి ఎలక్ట్రానునకును స్పిన్ అను సహజగుణ మొకటి కలదు. అది రెండు దిశలలో నేదో యొకదాని ననుసరించును. రాగివంటి లోహమున నీ రెండు తెగలును సమానములు; ఇనుము, కోబాల్టు, నికెలులయం దొక తెగ మిక్కుటము. గోడను దాటునపుడు ఎలక్ట్రాను తన స్పిన్‌ను మార్చుకొనదు గావున, ఇరువైపుల లోహముల అయస్కాంతదిశ యొక్కటే యైనచో దాటివచ్చిన వానికి ఆవల చోటు సమృద్ధిగా దొరకి ప్రవాహము హెచ్చును. దిశలు పరస్పరవిరుద్ధములైనచో చోటు కొఱవడి నిరోధము పెరుగును.

ఈ విద్యకు పునాది పడినది యీ శాలలోనే. 1971లో పాల్ టెడ్రో, రాబర్ట్ మెసర్వే అనువారు పలుచని అల్యూమినియము పొరను అతివాహకముగా మార్చి, పరమశూన్యమునకు సమీపమైన శీతలమున, బలమైన అయస్కాంత క్షేత్రములో నిలిపి, ఏ స్పిన్ గల ఎలక్ట్రానులు నికెలునుండి యెంత వచ్చుచున్నవో దానిచేతనే లెక్కపెట్టించిరి. 1973లో వారు ప్రకటించిన కొలతలలో ఒక తెగ ఆధిక్యము ఇనుమునకు 44 శాతముగను, నికెలునకు 11 శాతముగను తేలినది. అనంతరకాలమున పొరలను మరింత పరిశుద్ధముగా నిర్మింపగా నికెలు విలువ 30 శాతమును దాటెను. లోహ మదే, మారినది పనితన మొక్కటియే. నా దృష్టిలో నీ శాస్త్రచరిత్ర యంతటికిని కీలక మిచ్చటనే యున్నది.

1975లో ఫ్రాన్సు దేశమున రెన్ నగరములో మిషెల్ జులియేర్ ఇనుము, కోబాల్టుల నడుమ జెర్మేనియమును గోడగా నిలిపి, 4.2 కెల్విన్ శీతలమున నిరోధములో 14 శాతము భేదమును గాంచెను. టెడ్రో, మెసర్వేల విలువలనుబట్టి వేసిన లెక్క ప్రకారము 26 వచ్చియుండవలెను. సూత్రము చేతికందెను గాని, సాధారణ గది యుష్ణోగ్రతయం దట్టి భేదమును గణనీయముగా సాధించుటకు సుమారు రెండు దశాబ్దములు పట్టెను. గోడలో నొక్క సూక్ష్మరంధ్ర మున్నను, చెరువుకట్టకు పడిన గండివలె ప్రవాహమంతయు దానివెంటనే పోవును. ఆక్సీకరణము చాలకున్న అల్యూమినియము లోహముగానే మిగిలి ఎలక్ట్రానుల స్పిన్‌ను చెదరగొట్టును. అది మితిమీరినచో క్రింది లోహపు తలమే ఆక్సైడై చెడును. ఈ రెంటికి నడుమ నున్న యిరుకైన దారి యెంతసేపు, ఎంత ఆక్సిజను అను నెరుకచేతనే పట్టువడును.

మద్రాసు ఐ.ఐ.టి.లో డాక్టరేటు పొంది యీ శాలలో స్థిరపడిన జగదీశ్ మూడెర తన సహచరులతో నా దారి పట్టెను. నిర్వాత పేటికలో మొదటి చారను, దానిపై నొకటి రెండు నానోమీటర్ల అల్యూమినియమును ఆవిరిచేసి పేర్చి, ఆక్సిజనునందు విద్యుద్దీప్తిని వెలిగించి యా అల్యూమినియమును ఆక్సైడుగా మార్చి, పిమ్మట మీది కోబాల్టును పేర్చిరి. 1995లో గది యుష్ణోగ్రతయందు 11.8 శాతము భేదము లభించెను. ఆ యేటనే జపానులోని తొహొకు విశ్వవిద్యాలయమున తెరునోబు మియజాకీ తన సహచరునితో 18 శాతమును ప్రకటించెను. 2009లో అమెరికన్ ఫిజికల్ సొసైటీవారు టెడ్రో, మెసర్వే, మూడెర, మియజాకీలకు కలిపి బక్లీ బహుమాన మిచ్చుట, కొలిచినవారిని కట్టినవారిని సమముగా గౌరవించుటయని నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

గోడను మార్చిన పక్షమున నేమగునని యడుగగా, యువపరిశోధకుడు 2004 నాటి సంగతి చెప్పెను. మెగ్నీషియము ఆక్సైడు పరమాణువుల క్రమబద్ధమైన కూర్పునుబట్టి కొన్ని తరంగములనే సులభముగా దాటనిచ్చును. సిద్ధాంతవేత్తలు 2001లోనే దీనిని సూచించియుండిరి. జపానులోని సుకుబా నగరమున షింజి యువాసా, అమెరికాలో అల్మాడెన్‌లోని ఐ.బి.ఎం. ప్రయోగశాలలో స్టువర్ట్ పార్కిన్ వేర్వేరుగా నా గోడను నిర్మించి, గది యుష్ణోగ్రతయందే భేదమును 180 శాతము, 220 శాతమువరకు పెంచిరి. హార్డ్ డిస్కులపై వ్రాసినదానిని చదువు సూక్ష్మశిరములలోను, విద్యుత్తు పోయినను మరువని మాగ్నెటిక్ మెమొరీలలోను నేడు పనిచేయుచున్న దిట్టి గోడయే.