మా పడవ కురుస్తోంది

పెంకుటింట్లో పెరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. పైకప్పు కారితే మనం ‘ఇల్లు కురుస్తోంది’ అంటాం. మబ్బు కురిసినా ఇల్లు కురిసినా తెలుగులో ఒకటే మాట. సింగపూర్ వచ్చాక పడవకీ అదే మాట వాడాల్సి వచ్చింది.

మా వారూ, ఆయన ఆఫీసు స్నేహితుడూ కలిసి కొన్న 26 అడుగుల తెరచాప పడవ అది. 1980ల నాటి ఫైబర్‌గ్లాస్‌ది. చాంగీ తీరంలో, పులావ్ ఉబిన్ దీవికి ఎదురుగా, బోయాకు కట్టి ఉంటుంది. చాంగీ విలేజ్‌లో నాసి లెమాక్ తిని, చిన్న రబ్బరు పడవలో దాని దగ్గరికి వెళ్తాం. పడవ ఉందంటే గొప్ప ధనవంతులని అనుకోకండి. ఈ ఊళ్లో పాత కారు కంటే పాత పడవే చవక!

ఇక్కడ ఏడాదికి సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి ఈదురుగాలులతో ఒక్కసారిగా విరుచుకుపడే వానలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు. అలాంటి ఒక వాన తర్వాత వెళ్లి చూస్తే లోపల ఎడమవైపు పరుపు తడిసి ముద్దయింది.

మొదట చేయాల్సింది ఆ నీటిని వేలితో నాలుకకి రాసుకోవడం. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోందని అర్థం, అప్పుడు కంగారు పడాలి. మాది చప్పగా ఉంది. అంటే వాన నీరు, పైనుంచే వస్తోంది.

ఎక్కడినుంచి? నీరు పల్లమెరుగు అంటారు కదా. డెక్‌లో దూరిన నీరు లోపలి లైనింగ్ వెనక పల్లం వెతుక్కుంటూ పోయి, ఎక్కడో దూరంగా బొట్టు రాలుస్తుంది. పరుపు పైనే కిటికీ ఉంది కాబట్టి మా వారి అనుమానమంతా దానిమీదే. లైనింగ్ విప్పి, తుడిచి ఆరబెట్టి, ప్రతి బోల్టు కిందా టిష్యూ కాగితం అంటించాం. మొక్కలకు కొట్టే స్ప్రేయర్‌తో ఆయన పైనుంచి నీళ్లు కొడుతుంటే, నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. కింది భాగం నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కోచోట ఐదు నిమిషాలు. ముందే పైన పోస్తే అన్నీ ఒకేసారి తడిసిపోయి ఏదీ తేలదు. కిటికీ పొడి. రెయిలింగు కాళ్లు పొడి. చైన్‌ప్లేటు దగ్గరకొచ్చేసరికి కాగితం తడిసిపోయింది. పరుపుకి మీటరు పైగా ముందుంది అది!

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు ఈ స్టీలు పట్టీకే బిగించి ఉంటాయి. స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదనుకుంటాం. కెమిస్ట్రీ చదివిన నాకు అక్కడే భయం వేసింది. దాన్ని కాపాడేది పైనుండే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. గాలి తగలని సందులో ఉప్పు కలిసిన నీరు నిలిస్తే పొర పోయి, లోహం లోలోపలే తినేసుకుంటుంది. పట్టీని బయటికి లాగి చూస్తే బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు. పైన కాస్త సిలికాన్ పూసేసి ఉంటే పరుపు పొడిగానే ఉండేదేమో. ఆ నెలాఖరుకి రెండిళ్ల పిల్లల్నీ ఎక్కించుకుని వెళ్లాలనుకున్నాం.

డెక్‌లో రెండు ఫైబర్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క ఉంటుంది. రంధ్రం చుట్టూ అది మెత్తబడిపోయింది. పాడైనంత మేర తవ్వేసి, టార్పాలిన్ కట్టి, చిన్న ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. ఈ ఉక్కలో ఆరడమంటే మాటలా, రోజులు పట్టింది. తర్వాత ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం చేశారు. ఇక సీలు పోయినా నీరు చెక్కని తాకదు. కొత్త 316 స్టీలు పట్టీ చేయించి, చుట్టూ బ్యూటైల్ టేపు పెట్టాం. చపాతీ పిండిలా నొక్కితే సందుల్లోకి సర్దుకుంటుంది. బోల్టు తల తిప్పకుండా కింద నట్టునే, రోజుకి కొంచెంగా బిగించాలి. సిలికాన్ జోలికి పోవద్దనే నేను చెబుతాను. ఒకసారి పూస్తే దాని జిడ్డు మీద ఇంకేదీ అంటుకోదు.

మన కోరమాండల్ తీరంలో మసూలా పడవల పలకల్ని మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టేవారు. నీళ్లు కారడం, తోడిపోయడం ఆ ప్రయాణంలో భాగమే. కారుతున్నట్టు కళ్లెదుటే కనిపించే ఆ పడవలే నయమనిపించింది నాకు.

కుడివైపు పట్టీని ఇంకా విప్పలేదు. దాని కింద కాగితం పొడిగానే ఉంది. అయినా వచ్చే శనివారం విప్పుతున్నాం. అప్పటిదాకా తెరచాప ఎత్తేది లేదని పిల్లలకి చెప్పేశాం.