నీళ్ల వంతు

జూన్ 8, 2024, సిద్దిపేట
ఇవాళ మిరుగు. ఊరంతా చేపల కోసం తిరుగుతుంటే మేం కాలనీ వెనక ఖాళీ జాగాలో పారలు పట్టుకున్నాం. సర్కారు తుమ్మ కొట్టేసి, రాళ్లేరి, ఇంటికో మడి గీసుకున్నాం. పుంటికూర, కొయ్యగూర, గోకర, బెండ ఎవరి ఇష్టం వారిది. కంచె పొడుగునా బీర, ఆనిగెపు, గుమ్మడి తీగలు మాత్రం అందరివీ.

జూన్ 23
అన్నిటికన్నా ముందు మొలిచింది తుంగ. దానికి విత్తనమూ అక్కర్లేదు, వంతూ అక్కర్లేదు.

జూలై 5
చినుకు లేదు. బోరు పొద్దున కాసేపు పోసి, తర్వాత గాలి కక్కుతోంది. ముందు మడుల వాళ్లు తడుపుకొని వెళ్లిపోతే చివరి మడి ఎండుతోంది. “ఆఖర్ల ఉన్నమని ఎండబెడ్తరా?” అని ఆ ఇంటామె గట్టిగానే అడిగింది. జవాబు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

జూలై 7
పక్కింటి అవ్వ తగువు విని నవ్వింది. “బోరింగు కాడ బిందెలు వరుసకు పెట్టి, ఇంటికి పోయి వంట చేసుకొని వచ్చేటోళ్లం బిడ్డా. ఒక్క బిందె ముందుకు జరిగినా ఊకుంటుంటిమా?”

తర్వాత నల్లాలొచ్చాయి. దిగువ మానేరు నుంచి సిద్దిపేటకు తాగునీళ్లు తెచ్చిన పథకమే తర్వాత మిషన్ భగీరథకు నమూనా అయింది. ఆ భగీరథను 2016 ఆగస్టు 7న మన జిల్లాలోనే, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గరి రంగనాయక సాగర్ జలాశయంలోకి గోదావరి వచ్చింది. నల్లా ఇంట్లోకి వచ్చాక బిందె పోయింది, దానితోపాటు వరుస కూడా పోయినట్టుంది.

కాయగూర ఎక్కువైనప్పుడు పంచుతాం. నీళ్లు తక్కువైనప్పుడు పంచాలి. కష్టమంతా అక్కడే.

ఆగస్టు 11
బీర తీగ నిండా పసుపు పూలు, పిందె ఒక్కటీ లేదు. “ఉత్త పూతే, మందు కొట్టాలె” అన్నారొకరు. ముందు వచ్చేవి మగపూలు. అడుగున సన్నని పిందెతో ఆడపూలు ఆ తర్వాత వస్తాయి. పైగా బీర పూసేది సాయంత్రం, రాత్రి తిరిగే పురుగులే దానికి పెళ్లి పెద్దలు. గోకరకు పట్టిన పేనుబంకకు వేపగింజల కషాయం సరే, కంచె జోలికి మాత్రం పోవద్దని తీర్మానం.

సెప్టెంబర్ 1
రాత్రంతా వాన. టీవీలో ఖమ్మం వరద. మా మడుల్లో మోకాలి లోతు కాకపోయినా బురదే. ఇవాళ బోరు వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 15
ఆనిగెపుకాయలు ఆగడం లేదు. పప్పు, పులుసు, సర్వప్ప అన్నీ అయిపోయాయి. ఇప్పుడు తాళం వేసున్న ఇళ్ల గేట్లకు సంచులు తగిలించి వస్తున్నారు.

అక్టోబర్ 10
సద్దుల బతుకమ్మ. గౌరమ్మకు గుమ్మడి పువ్వు కావాలి, కాయలూ కావాలి. అవ్వ పరిష్కారం చూపింది: పొడుగు కాడతో, కింద పిందె లేకుండా ఉన్నవే తెంపండి. అవి మగపూలు. పండగా పోలేదు, పంటా పోలేదు.

అక్టోబర్ 20
రెండు బీరకాయలు తీగ మీదే ఎండనిచ్చి గింజలు తీశాం. విత్తనం దాచడమంటే జహీరాబాదు గుర్తొచ్చింది. 2016 దాకా మాదీ దానిదీ ఒకే మెదక్ జిల్లా. అక్కడి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఆ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు విత్తనం అరువిచ్చి, పంట వచ్చాక రెట్టింపు కొలిచి తీసుకుంటారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి కూడా అందుకున్నారు. మేమూ ఒక పుస్తకంలో అదే లెక్క రాసుకున్నాం: పిడికెడు తీసుకుంటే రెండు పిడికెళ్లు.

ఆ పుస్తకంలోనే యాసంగి నీళ్ల వరుస కూడా రాశాం. మొదటి వంతు చివరి మడిది.