న్యాయస్థానం మెట్ల మీద

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రాష్ట్రానికీ, ఊరికీ నడుమ ఉండే పరిపాలనా విభాగాన్ని కౌంటీ అంటారు. దానిని మన జిల్లాతో పోల్చవచ్చు. అయితే మన జిల్లా పాలనను ప్రభుత్వం నియమించిన కలెక్టరు నడిపితే, కౌంటీని అక్కడి ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులే పాలిస్తారు. కౌంటీ ముఖ్యపట్టణం నడిబొడ్డున న్యాయస్థాన భవనం ఉంటుంది. భూమి పత్రాలకూ, పన్నుల లెక్కలకూ, నేర విచారణలకూ అదే నెలవు. అందుచేత ఒక కౌంటీ చరిత్ర తెలుసుకోదలచినవారు మొదట దాని న్యాయస్థానం గడప తొక్కాలి.

మిసిసిపీ రాష్ట్రంలోని 82 కౌంటీలలో టాలహాచీ ఒకటి. చోక్టా ఆదివాసుల భూములను ఒప్పందం పేరిట ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న తరువాత 1833లో ఇది ఏర్పడింది. కౌంటీకి పేరునిచ్చిన టాలహాచీ నది దాని గుండా ప్రవహిస్తుంది. తూర్పున గుట్టలు, పడమట ఒండ్రుమట్టితో నిండిన చదునైన డెల్టా. నది దాటడం కష్టమైన రోజులు కావడంతో ఈ కౌంటీకి రెండు ముఖ్యపట్టణాలు ఏర్పడ్డాయి. తూర్పున చార్లెస్టన్, పడమట సమ్నర్. రెండుచోట్లా న్యాయస్థానాలున్నాయి. ఐదు విభాగాల నుండి ఎన్నికైన ఐదుగురు సూపర్‌వైజర్ల మండలి రోడ్లు, వంతెనలు, పన్నుల వ్యవహారాలు చూస్తుంది.

ఆ నేలలో పత్తి విరివిగా పండింది. ఆ చేలలో చెమటోడ్చినవారు మొదట బానిసలుగా, 1865 తరువాత పాలు సేద్యగాళ్లుగా బ్రతికిన నల్లజాతివారు. 1955 నాటికి కౌంటీ జనాభాలో సగానికి పైగా వారే. కాని ఓటర్ల జాబితాలో వారి పేరు ఒక్కటీ లేదు. 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగం విధించిన ఓటు పన్ను, చదువు పరీక్షలు, వాటికి తోడైన బెదిరింపులు వారిని ఆ జాబితా దరిదాపులకు రానీయలేదు.

ఆ లోపం ఎంత ఘోరమైనదో ఆ ఏడాదే లోకానికి తెలిసింది. షికాగో నుండి బంధువుల ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను, ఒక దుకాణంలో శ్వేతజాతి స్త్రీ పట్ల అమర్యాదగా ప్రవర్తించాడన్న నెపంతో, ఆగస్టు 28న అర్ధరాత్రి దాటాక ఎత్తుకుపోయి చంపారు. మూడు రోజుల తరువాత శవం టాలహాచీ నదిలో దొరికింది. నిందితులైన ఇద్దరు శ్వేతజాతీయుల విచారణ సెప్టెంబరులో సమ్నర్ న్యాయస్థానంలో జరిగింది.

అక్కడ నేరనిర్ణయం చేసేది న్యాయమూర్తి కాదు, పౌరుల నుండి ఎంపికైన పన్నెండుగురు సభ్యుల జ్యూరీ. ఆ ఎంపికకు ఓటర్ల జాబితాయే ఆధారం. ఆ జాబితాలో నల్లజాతివారు లేరు. స్త్రీలకు ఆ రాష్ట్రంలో జ్యూరీలో కూర్చునే హక్కు లేదు. కనుక పన్నెండుగురూ శ్వేతజాతి పురుషులే. బాలుని తల్లి మేమీ బోనెక్కి ఆ శవం తన బిడ్డదేనని చెప్పింది. అతని తాతవరుస అయిన మోజ్ రైట్, పత్తి సేద్యం చేసే వృద్ధుడు, నిండు సభలో లేచి నిలబడి నిందితులను వేలెత్తి చూపాడు. అక్కడ ఒక నల్లజాతివాడు అలా చేయడమంటే ప్రాణాలకు తెగించడమే. విచారణ ముగిశాక అతడు ఆ ఊరు విడిచి వెళ్లిపోయాడు. జ్యూరీ 67 నిమిషాలలో నిందితులు నిర్దోషులని తేల్చింది. 1956లో వారే ఒక పత్రికలో తమ నేరాన్ని అంగీకరించారు. ఒకసారి నిర్దోషులుగా తేలినవారిని అదే నేరానికి మళ్లీ విచారించరాదన్న నియమం వారిని కాపాడింది.

1965లో వచ్చిన ఓటు హక్కుల చట్టంతో ఆ జాబితా తలుపులు తెరుచుకున్నాయి. కాలక్రమాన సూపర్‌వైజర్ల మండలికి జెరోమ్ లిటిల్ అనే నల్లజాతి నాయకుడు అధ్యక్షుడయ్యాడు. ఆయన చొరవతో రెండు జాతులవారూ కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2007 అక్టోబరు 2న అదే న్యాయస్థానం ముందు, టిల్ కుటుంబానికి కౌంటీ తరఫున బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

అంతటితో ద్వేషం అంతరించలేదు. శవం దొరికిన రేవు దగ్గర నిలిపిన స్మారక ఫలకాన్ని ఒకసారి దొంగిలించారు, మరికొన్నిసార్లు తూటాలతో తూట్లు పొడిచారు. 2019లో తూటాలకు చెదరని ఫలకాన్ని అక్కడ నిలిపారు. విచారణ జరిగిన గదిని 1955 నాటి రూపానికి తెచ్చారు. 2023 జూలై 25న, ఎమెట్ పుట్టినరోజునాడు, ఆ న్యాయస్థానాన్నీ, ఆ రేవునూ, షికాగోలో అతని అంత్యక్రియలు జరిగిన చర్చినీ కలిపి జాతీయ స్మారకంగా ప్రకటించారు.

క్షమాపణ పోయిన ప్రాణాన్ని తేలేదు. అయినా యాభై రెండేళ్లు దాచిన నిజాన్ని ఆ కౌంటీ తన నోటితో తానే చెప్పుకొన్నది. ఓటర్ల జాబితాలో ఒక పేరు లేకపోవడం చూసేవారికి చిన్న విషయంగానే తోచవచ్చు. సమ్నర్‌లో ఆ లేని పేర్లే తీర్పును ముందుగా రాసి ఉంచాయి. పద్దెనిమిదేళ్లు నిండి తొలిసారి ఆ జాబితాకెక్కే యువతీయువకులు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.