ఎత్తు మీది కాలవ

అక్టోబరు 9, క్రిక్, ఇంగ్లండ్

పొయ్యిలో బొగ్గు రాత్రంతా ఆరకుండా ఉండబట్టి తెల్లారేసరికి పడవ వెచ్చగానే ఉంది. అద్దాలకు మాత్రం లోపలివైపు చెమ్మ ధారలు కట్టింది. గుడ్డ పట్టి అవి తుడిచాకే ఏ పనైనా. పొయ్యి పక్కన పెట్టిన దోసెల పిండి చక్కగా పులిసింది.

మా పడవ పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఈ దారిలో లాకులు ఏడడుగులే, అందుకే పడవలు ఇంత సన్నం. మా ఆయన పొయ్యి దగ్గర నిలబడితే నేను ఒత్తిగిలి దాటాలి. సొంత రేవు లేని మాలాంటివాళ్లు ఒకచోట 14 రోజులకు మించి పడవ కట్టకూడదు. రేపు కదలాలి.

ట్యాంకు నింపుకున్నాం. కుళాయి దగ్గర ఇంచుమించు గంట. పప్పు కడిగిన నీళ్లతోనే సింకులో గిన్నెలు తొలిచాను.

అక్టోబరు 10, వెల్‌ఫర్డ్ మలుపు

ఈ కాలవంటే నాకెందుకింత ఇష్టమో రాసి పెట్టుకోవాలి. దక్షిణాన వాట్‌ఫర్డ్ లాకుల నుంచి ఉత్తరాన ఫాక్స్‌టన్ లాకుల దాకా సుమారు 20 మైళ్లు ఒకటే మట్టం, సముద్రానికి 412 అడుగుల ఎత్తున. అసలు దారిలో ఒక్క లాకూ లేదు. కొండ అంచు పట్టుకుని వంకర్లు తిరుగుతూ పోతుంది. ఇంత ఎత్తుకి ఏ నదీ రాదు. నేజ్‌బీ, సల్బీ, వెల్‌ఫర్డ్ చెరువుల నీళ్లు ఈ మలుపు దగ్గర వచ్చి కలుస్తాయి. ఏ చివర పడవ దిగినా లక్ష లీటర్లకు పైగా నీళ్లు దానితోపాటే దిగిపోతాయి. ఎండాకాలం వానలు మొహం చాటేస్తే లాకులకి వేళలు పెడతారు, ఒక్కోసారి మూసే పెడతారు. పడవ ఆగిపోయిందన్న కోపం చూపించాల్సింది లాకు దగ్గర నిలబడ్డ మనిషి మీద కాదు.

సాయంత్రం అమ్మ ఫోను. "ఏమే, చలికాలం వస్తోంది, ఇకనైనా గట్టెక్కుతారా?" అంది. లాకులంటే ఏమిటో ఆవిడకి వివరించక్కర్లేదు, ధవళేశ్వరంలో చూసిందే. "అక్కడా వేసవిలో కాలవలు కట్టేస్తారా?" అని అడిగింది. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా విడతలుగా లాకులు మూసి, నీళ్లు తోడి, తలుపులు బాగుచేస్తారని చెప్పాను. పొలాలకి నీళ్లక్కర్లేని రోజులు చూసి అక్కడ, పడవలు తగ్గే రోజులు చూసి ఇక్కడ.

అక్టోబరు 12, హజ్బెండ్స్ బాస్‌వర్త్

సొరంగం దాటాం. కిలోమీటరు పైచిలుకు. ఎదురుపడవ వచ్చినా పక్కపక్కనే పోవచ్చు. పైనుంచి చుక్కలు కారుతూనే ఉన్నాయి. లోపల గట్టు లేదు. గుర్రాలు పడవలు లాగిన రోజుల్లో గుర్రాన్ని కొండ మీదుగా నడిపించి, మనుషులు పలకల మీద వెల్లకిలా పడుకుని గోడని కాళ్లతో తన్నుతూ పడవని నడిపేవాళ్లు. గుర్రపు దారి పైన ఇంకా ఉంది. ఆయన చుక్కాని పట్టుకుంటే నేనా దారిన నడిచి వచ్చాను.

అక్టోబరు 13, ఫాక్స్‌టన్

పది లాకులు, అయిదేసి చొప్పున రెండు వరసలు, 75 అడుగుల దిగుడు. ఒక లాకు కింది తలుపే తరవాతి దానికి పై తలుపు. 1814 నుంచి పనిచేస్తున్నాయి. పక్కన చిన్న చెరువులున్నాయి. ముందు ఎర్ర షట్టరెత్తితే చెరువు నీళ్లు కింది లాకుని నింపుతాయి. తరవాత తెల్లది ఎత్తితే పై లాకు నీళ్లు చెరువులోకి పోతాయి. ఈ వరస తప్పితే నీళ్లు గట్టు మీదికి పొర్లుతాయి. వాలంటీరు పెద్దాయన ప్రతి లాకు దగ్గరా రంగు చూపించి, నేను ఎత్తేదాకా కదల్లేదు. జీతం లేని పనిని అంత శ్రద్ధగా చేసే మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

పక్క వాలు మీద 1900లో ఆవిరి యంత్రంతో పడవల్ని తొట్టెలతో సహా ఎత్తి దించే ఏర్పాటు చేశారు. లాకుల్లో గంట పైన పట్టే పని పన్నెండు నిమిషాల్లో అయిపోయేది. కానీ వాట్‌ఫర్డ్ లాకులు వెడల్పు చెయ్యలేదు, పెద్ద పడవలు రాలేదు, యంత్రానికి ఎప్పుడూ ఆవిరి సిద్ధంగా ఉంచాల్సిన ఖర్చు మిగిలింది. 1911లో ఆపేశారు. రెండో చివర కూడా బాగుచేసి ఉంటే అది నిలబడేదని నా నమ్మకం.

అక్టోబరు 14

బొగ్గు పడవ వచ్చింది. నాలుగు బస్తాలు, ఒక గ్యాసు బండ తీసుకున్నాం. మధ్యాహ్నం ఒక అద్దె పడవ జోరుగా పోయింది. మా తాళ్లు సాగి ముందరి ఇనప గూటం గట్టులోంచి ఊడొచ్చింది. పొయ్యి మీది చారు సగం నేలపాలు.

తమ్ముడూ మరదలూ ఏప్రిల్లో పడవ అద్దెకి తీసుకుని వస్తామంటున్నారు. వాళ్లకి ఈ రాత్రే ఉత్తరం రాయాలి: రండి, తప్పకుండా రండి. కట్టేసిన పడవల పక్కన ఇంజను బాగా తగ్గించండి. లాకు దాటాక షట్టర్లు దించి, తలుపులు మూసి, వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుని మరీ కదలండి.